నౌపడలో ఉండాలా, టెక్కలి పోవాలా? తిరుగు బండినడగండి

ఉద్యోగం దొరికిన మర్నాడే మన ఇళ్ళల్లో ఒక ఊసు మొదలవుతాది. "రోజూ ఊరి నుంచి ఎల్లొస్తావా, అక్కడే గది తీసుకుంటావా?" అమ్మ ఒకలాగ చెప్తాది, నాన్న ఇంకోలాగ చెప్తాడు. నేస్తాలైతే "ఊర్లో ఏటున్నాదిరా, వచ్చీ" అంటారు. పెళ్ళి సంబంధం వచ్చినా ఇదే ఆరా. "పిలగాడు ఊర్లో ఉంటాడా, టెక్కలిలో కాపురం పెడతాడా?"

అడిగేవాళ్ళందరి దగ్గరా జవాబు ముందే తయారుగా ఉంటాది. పట్నమెళ్తే బాగుపడినట్టు, ఊర్లో ఉండిపోతే ఏమీ కానట్టు ఒకలు మాట్లాడతారు. ఇంకొకలు ఊరంటే చల్లగాలి, కన్నతల్లి అని మురిసిపోతారు. గాలికీ అద్దెకీ మధ్యన నలిగిపోయే కుర్రోడికి ఈ రెండు మాటలూ పనికిరావు. వాడికి కావాల్సింది లెక్క. పొద్దున్న ఎన్నింటికి బయలెల్లాల, సాయంత్రం ఎన్నింటికి గుమ్మంలో కాలెడతాడు, నెలాఖరికి చేతిలో ఎంత మిగుల్తాది, ఆ మిగిలినదానికి బదులు ఎన్ని గంటలు దారిలో పోతన్నాయి. ఈ నాలుగూ తెలిస్తే సగం జవాబు వచ్చీసినట్టే. మిగిలిన సగం డబ్బుల్లో తేలదు. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

పల్లే, జంక్షనూ ఒక్కచోటే

ఈ లెక్కకి నౌపడ మంచి ఉదాహరణ. సంతబొమ్మాళి మండలంలో ఉన్న ఊరు. ఉప్పు మడులకి పేరు. చుట్టూ తంపర భూములు, కొంచెం దూరంలో సముద్రం. చూస్తే పల్లెటూరే. కానీ హౌరా–చెన్నై రైలు దారి మీదున్న జంక్షన్ కూడా. ఇక్కణ్ణుంచే టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్‌కి ఇంకో లైను చీలతాది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను 1900లో రెండున్నర అడుగుల చిన్న పట్టాల మీద మొదలైనాది. 1931 నాటికి గుణుపూర్ చేరినాది. అంటే ఈ ఊరోళ్ళకి రైలెక్కి పొద్దున్నెళ్ళి సాయంత్రం తిరిగి రావడం నిన్న మొన్నటి అలవాటు కాదు. తాతల నాటిది.

2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనం దగ్గర దగ్గర 27 లక్షలు. అందులో వందకి 84 మంది పల్లెల్లోనే ఉన్నారు. పల్లెల్లో పడుకుని, పనికి టౌనుకెళ్ళొచ్చేవాళ్ళు మన జిల్లాలో ఎంతమందో టెక్కలి బస్టాండులో పొద్దున్న ఎనిమిదింటికి నిలబడితే కళ్ళకి కనిపిస్తాది. గ్రానైట్ పాలిషింగ్ షెడ్లకెళ్ళేవాళ్ళు, బట్టల షాపుల్లో చేసేవాళ్ళు, ఆసుపత్రుల్లో నర్సులు, కాలేజీ పిల్లలు. వీళ్ళని పల్లెటూరోళ్ళనాలా, పట్నమోళ్ళనాలా? రెండూను.

ఇలగ రోజూ ఊరి నుంచి ఊరికి తిరిగేవాళ్ళని ఇంగ్లీషులో కమ్యూటర్లంటారు. ఆ మాట పుట్టింది అమెరికా రైళ్ళలో. 1840ల్లో అక్కడి రైలు కంపెనీలు రోజూ తిరిగేవాళ్ళకి తగ్గింపు ధర మీద 'కమ్యుటేషన్ టికెట్' ఇచ్చీవి. మన సీజన్ టికెట్ లాంటిదే. ఆ టికెట్ కొన్నోడే కమ్యూటర్. అంటే కమ్యూటర్ టౌన్ అనేది పుట్టడానికి కారణం మేడలూ కాదు, రోడ్లూ కాదు. చవక టికెట్టూ, నమ్మకంగా తిరిగొచ్చే బండీ. ఈ రెండూ ఉంటే ఏ పల్లె నుంచేనా పనికెళ్ళి రావొచ్చు. ఈ రెండూ లేకపోతే టౌనుకి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్నా గది తీసుకోక తప్పదు.

గంట లెక్క

సెజారే మార్చెట్టి అని ఇటలీలో ఒక భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. 1994లో ఆయనొక సంగతి రాశాడు. కాలినడక రోజుల్లోనైనా, కార్ల రోజుల్లోనైనా మనుషులు రోజుకి సగటున ఓ గంట సేపే ప్రయాణానికి ఖర్చు పెడతారట. బండి వేగం పెరిగితే దూరం పెరుగుతాది గానీ గంట పెరగదు. ఆ గంట దాటి చాలాకాలం తిరిగినవాళ్ళు ఇల్లేనా మారుస్తారు, పనేనా మారుస్తారు.

ఇది సగటు లెక్క. రాయిలో చెక్కిన నియమం కాదు. మన దగ్గర రోజుకి మూడు గంటలు తిరిగేవాళ్ళు కూడా ఉన్నారు. అయినా ఒక కొలబద్దగా పనికొస్తాది. దాన్ని పట్టుకుని నౌపడ నుంచి బయలెల్లే మూడు దూరాలు చూద్దాం.

మొదటిది టెక్కలి. పది కిలోమీటర్ల చుట్టుపక్కల. మోటారు సైకిలుంటే గుమ్మం నుంచి గుమ్మానికి అరగంట లోపే. రానూపోనూ కలిపి గంట. మార్చెట్టి గంటలో సరిగ్గా సరిపోతాది.

రెండోది శ్రీకాకుళం. ఇక్కడ ఒక మెలిక ఉన్నాది. జిల్లా కేంద్రం పేరుతో ఉన్న 'శ్రీకాకుళం రోడ్' స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉన్నాది. రైలు దిగాక ఇంకో పది కిలోమీటర్ల పైచిలుకు బస్సో ఆటోనో ఎక్కాల. బస్సులో వెళ్ళాలంటే ముందు టెక్కలి చేరి, అక్కణ్ణుంచి హైవే మీద ఓ యాభై కిలోమీటర్లు. ఎలగెళ్ళినా బండి మారకుండా పనవదు. బండి మారిన ప్రతిసారీ ఎదురుచూపులు కలుస్తాయి. ఒక పక్కకే రెండు గంటలు అవుతాది.

మూడోది విశాఖపట్నం. రైల్లో రమారమి 170 కిలోమీటర్లు. నెలవారీ సీజన్ టికెట్‌ని రైల్వే 150 కిలోమీటర్ల దూరం వరకే ఇస్తాది. అంటే నౌపడ నుంచి విశాఖకి రోజూ తిరుగుతానన్నవాడికి టికెట్టే దొరకదు. గాజువాకలోనో పరవాడలోనో పని దొరికితే ఊర్లో ఉండి చెయ్యడం అనే ప్రశ్నే లేదు. అక్కడ ప్రశ్న వేరు, దాన్ని కూడా చూద్దాం.

జీతం కాగితం మీద ఒక భాగహారం

ఇప్పుడు డబ్బుల సంగతి. ఈ కింద వేసినవి ఊహించి వేసిన అంకెలు. మీ అంకెలు మీరు పెట్టుకుని చూసుకోండి. పద్ధతి ఒకటే.

టెక్కలిలో నెలకి 15,000 జీతం అనుకుందాం. గది తీసుకుంటే అద్దె 3,000, కరెంటూ నీళ్ళూ 500, తిండి 4,500. మొత్తం 8,000. ఊర్లోనే ఉంటే ఇంట్లో తిండికి 2,500 ఇచ్చి, పెట్రోలుకీ బండి మరమ్మతుకీ 1,500 పెట్టుకుంటే 4,000. తేడా 4,000. దారిలో పోయే టైము రోజుకి గంట చొప్పున, 25 రోజులకి 25 గంటలు. 4,000ని 25తో భాగిస్తే గంటకి 160 రూపాయలు.

ఇక ఉద్యోగం గంటకి ఎంతిస్తాదో చూడండి. రోజుకి 9 గంటలు, 25 రోజులు, మొత్తం 225 గంటలు. 15,000ని 225తో భాగిస్తే గంటకి 66 రూపాయల చిల్లర. అంటే ఊర్లో ఉండి టెక్కలెళ్ళొచ్చేవాడికి దారిలో గడిపిన గంట, షాపులో గడిపిన గంట కంటే రెండింతల పైన సంపాదిస్తన్నాది. ఇక్కడ ఆలోచించడానికేటున్నాది? ఊర్లో ఉండడమే లాభం.

అదే భాగహారం శ్రీకాకుళానికి వేద్దాం. అదే జీతం అనుకుందాం. అక్కడ గదికీ తిండికీ 9,500 అవుతాది అనుకోండి. ఊరి నుంచి తిరిగితే ఇంట్లో తిండికి 2,500, సీజన్ టికెట్టూ ఆటోలూ కలిపి 2,500, మొత్తం 5,000. తేడా 4,500. చూడ్డానికి టెక్కలి కంటే ఎక్కువే మిగిల్నట్టున్నాది. కానీ రోజుకి నాలుగు గంటలు దారిలోనే. నెలకి 100 గంటలు. 4,500ని 100తో భాగిస్తే గంటకి 45 రూపాయలు. ఉద్యోగం ఇచ్చే 66 కంటే తక్కువ. ఆ వంద గంటల్లో సగం నిద్రకీ సగం చదువుకీ పెట్టుకున్నా ఇంతకంటే మేలు. ఇక్కడ గది తీసుకోవడమే న్యాయం. వారానికోసారి ఊరొస్తే సరిపోతాది.

ఈ లెక్కలో దాక్కున్న సంగతులు ఇంకా ఉన్నాయి. ఊర్లో రెండెకరాలున్నాయనుకోండి. వంశధార ఎడమ కాలువ శివారుకి నీరొచ్చిన రోజుల్లో పొద్దున్నే మడి చూసుకుని పనికెళ్ళొచ్చు. ఎండాకాలం ఉప్పు మడుల్లో ఇంటోళ్ళకి చెయ్యి సాయం చెయ్యొచ్చు. అవన్నీ జీతం కాగితం మీద కనిపించని సంపాదన. అలాగే ఊర్లో కనిపించని ఖర్చులూ ఉన్నాయి. పెళ్ళిళ్ళు, పేరంటాలు, పండగ చందాలు, "ఓ ఐదొందలుంటే సర్దరా" అనే చుట్టాలు. పోటీ పరీక్షకి చదివేవాడికి ఊరి సాయంత్రం చాలా ఖరీదైనది. ఎవడో ఒకడు వచ్చి అరుగు మీద కూచుంటాడు. డీఎస్సీకో గ్రూప్స్‌కో గట్టిగా కూచోవాలనుకున్నోడు ఓ ఏడాది గది తీసుకున్నా తప్పు లేదు. దాన్ని అద్దెలాగ చూడకూడదు. చదువుకి పెట్టిన ఫీజనుకోవాల.

తిరుగు బండి ఆగిపోతే?

పొద్దున్న వెళ్ళే బండి గురించి అందరూ అడుగుతారు. సాయంత్రం వచ్చే బండి గురించి అడగరు. పొద్దున్న ఎలాగోలా వెళ్ళిపోతాం. ఎవరో ఒకరి బండెక్కుతాం, పాల వ్యానెక్కుతాం. రాత్రి ఎనిమిదిన్నరకి షట్టర్ మూసి బయటికొచ్చినోడికి ఆఖరి బస్సు ఉన్నాదా లేదా అనేదే అసలు దూరం. కిలోమీటర్ల రాయి మీద పది అని రాసున్నా, ఆఖరి బస్సు ఏడింటికే వెళ్ళిపోతే ఆ ఊరు అందనంత దూరం.

బండి ఎప్పుడూ ఉంటాదన్న నమ్మకం కూడా పెట్టుకోకూడదు. నౌపడ–గుణుపూర్ చిన్న లైనుని బ్రాడ్‌గేజ్ చెయ్యడానికని 2004లో ఆపీశారు. కొత్త పట్టాల మీద బండి పర్లాకిమిడి వరకు 2010లో, గుణుపూర్ వరకు 2011లో తిరిగినాది. ఆరేడేళ్ళు ఆ లైను మీద ఊళ్ళకి రైలే లేదు. 2004లో పదో తరగతి చదివిన పిల్లలు డిగ్రీ కూడా అయిపోయి, రైలు వచ్చీసరికి ఉద్యోగాల్లో పడ్డారు.

ఆ తర్వాత 2020 మార్చిలో కరోనాకి పాసింజర్లన్నీ ఆగిపోనాయి. తిరిగొచ్చినప్పుడు చాలా పాసింజర్లు ఎక్స్‌ప్రెస్ ఛార్జీతో వచ్చాయి. కనీస టికెట్ 10 రూపాయలున్నది 30 అయినాది. 2024 ఫిబ్రవరికి గానీ మళ్ళీ 10కి రాలేదు. పక్క స్టేషనుకెళ్ళే కూలీకి ఒక్కసారిగా మూడింతలు. ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని హైదరాబాద్ వెళ్ళేవాడికి ఆ ఇరవై రూపాయల నొప్పి తెలీదు.

కాబట్టి ఊర్లో ఉండి పనికెళ్ళాలనుకునేవాళ్ళు రెండో దారి ఒకటి చేతిలో ఉంచుకోవాల. రైలు మీదే ఆధారపడితే బస్సు టైములు తెలిసుండాల, బస్సు మీద ఆధారపడితే బండి మీద తోడొచ్చే నేస్తం ఉండాల. ఇంకో మాట కూడా చెప్పాల. రాత్రి ఎనిమిది తర్వాత ఒక్క బస్సు పడితే ఒక ఊరి కుర్రోళ్ళందరికీ గది అద్దె మిగుల్తాది. డిపో మేనేజరుకి అర్జీ పెట్టడం, స్టేషనులో ఒక బండి ఆగడానికి అడగడం చిన్న పనులుగా అనిపిస్తాయి. ఊరు ఖాళీ అవుతాదా, నిలబడతాదా అనేది ఇలాంటి చిన్న పనుల మీదే ఆధారపడి ఉంటాది.

ఆడపిల్లల లెక్క వేరు

ఇప్పటిదాకా చెప్పిన లెక్క మగపిల్లల్ని దృష్టిలో పెట్టుకున్నట్టున్నాది కదా. ఆడపిల్లలకి కొన్ని అంకెలు మారిపోతాయి. 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. రైల్వే కూడా చదువుకునే ఆడపిల్లలకి డిగ్రీ వరకు, మగపిల్లలకి పన్నెండో తరగతి వరకు ఇంటికీ చదువుకునే చోటుకీ మధ్య సెకండ్ క్లాస్ సీజన్ టికెట్ ఉచితంగా ఇస్తాది. ఈ సంగతి తెలీక నెలనెలా డబ్బులు కట్టేవాళ్ళున్నారు.

టికెట్ లేదంటే ఊర్లో ఉండి పనికెళ్ళే ఆడపిల్లకి పెట్రోలు ఖర్చు కూడా సున్నా. భాగహారంలో ఊరి పక్కే ఇంకా బరువు పెరుగుతాది. కానీ టికెట్ ఉచితమైనంత మాత్రాన బస్సు టైముకి వస్తాదని కాదు. బస్టాపు నుంచి ఇంటికి నడిచే చీకటి దారికి ఏ పథకమూ లైటు వెయ్యదు. స్టేషను నుంచి వీధిలోకి వచ్చే దారిలో దీపాలు వెలగడం పంచాయతీ పని. దాన్ని అడగాల్సింది మనం.

ఇంకో సంగతి ఇళ్ళల్లో ఎవరూ లెక్కెయ్యరు. పనికెళ్ళొచ్చిన కొడుకు కాళ్ళు కడుక్కుని ఫోను పట్టుకుంటాడు. పనికెళ్ళొచ్చిన కోడలు పొయ్యి దగ్గరికెళ్తాది. ఆవిడ రోజు పొద్దున్న నాలుగున్నరకి మొదలై రాత్రి పదింటికి అవుతాది. అలాంటి ఇంట్లో "టెక్కలిలో గది తీసుకుందాం" అని ఆ పిల్ల అడిగితే అది షోకు కాదు. రెండు గంటల నిద్ర అడుగుతన్నాది. ఊర్లోనే ఉండాలని మగవాళ్ళకుంటే గిన్నెలు తోమడం, నీళ్ళు మొయ్యడం పంచుకోవడమే దానికి జవాబు.

ఊరంటే అందరికీ ఒకటే ఊరు కాదు కూడా. ఏ వీధిలో పుట్టావో ఊర్లో అందరికీ తెలుసు. ఎవరింటి అరుగు మీద కూర్చోవచ్చో, ఎవరి ముందు లేచి నిలబడాలో అక్కడ ముందే రాసిపెట్టినట్టుంటాది. దళితవాడ నుంచి వచ్చిన పిల్లడికి టౌనులో ఎవరూ గుర్తుపట్టని వీధి ఒక ఊపిరి. అక్కడా ఇల్లు అద్దెకిచ్చే ముందు "మీరేట్లు?" అని అడిగేవాళ్ళున్నారు. అయినా టీ కొట్టులో అందరికీ ఒకటే గ్లాసు. ఆ ఒక్క గ్లాసు కోసం నెలకి నాలుగు వేలు ఎక్కువ పెట్టినోడిని "లెక్క తెలీనోడు" అనలేం.

ముసలోళ్ళు, ఆసుపత్రి, తుఫాను

మన చుట్టుపక్కల ఇళ్ళల్లో ఉండడానికి చోటు వెతికేటప్పుడు ఆసుపత్రి పెద్ద సంగతి. ఉద్దానం కిడ్నీ జబ్బు పక్కనే ఉన్నాది. డయాలసిస్ పడినవాళ్ళని వారానికి రెండు మూడు సార్లు తీసుకెళ్ళి తీసుకురావాల. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే కొడుకు గది ఎక్కడుండాల అనేది ఉద్యోగం కంటే ముందు ఆసుపత్రి తేలుస్తాది. గాజువాకలో ఉన్న కొడుకు నెలకి పదివేలు పంపగలడు గానీ, మంగళవారం పొద్దున్న నాన్నని బండెక్కించలేడు.

తుఫాను కూడా లెక్కలోకి వస్తాది. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడి, కొబ్బరి చెట్లు కూకటివేళ్ళతో పడిపోనాయి. ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసేవాళ్ళకి అది జీతం పోయే సంగతి. కానీ అప్పుడే ఇంకోటి కూడా తెలిసినాది. ముసలోళ్ళు మాత్రమే ఉన్న ఇంటి మీద పడ్డ చెట్టుని తీసింది పక్కింటి కుర్రోడే. ఊర్లో కుర్రోళ్ళు లేకపోతే ఆ చెట్టు అలగే పడుంటాది.

విశాఖ పోవాల్సి వస్తే

విశాఖ పని తప్పనివాళ్ళకి ఒక చిన్న ఉపాయం. సిటీ నడిబొడ్డున గది వెతికే ముందు రైలు పట్టాల వెంట చూడండి. పెందుర్తి, కొత్తవలస, విజయనగరం, ఇవన్నీ విశాఖకి రోజూ జనం తిరిగే ఊళ్ళే. విజయనగరం నుంచి విశాఖ రైల్లో 60 కిలోమీటర్ల చిల్లర. సీజన్ టికెట్ దొరుకుతాది. పైగా ఇవన్నీ మన నౌపడ వచ్చే లైను మీదే ఉన్నాయి. శనివారం సాయంత్రం పని దిగి అక్కడే బండెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. పనికెళ్ళే దారీ ఇంటికొచ్చే దారీ ఒకటే అయితే ఊరు తెగిపోదు. అయితే మీ పని స్టేషను దగ్గర కాకుండా పరవాడ పక్కనో అచ్యుతాపురంలోనో ఉంటే ఈ ఉపాయం పనిచెయ్యదు. మళ్ళీ ఆ భాగహారమే వేసుకోండి.

ఇల్లు కట్టే ముందు

అద్దెతో ఆగిపోకుండా స్థలం కొనాలనుకునేవాళ్ళు రెండు కాగితాలు చూసుకోవాల. టౌను పక్కన లేఅవుట్ అంటే అనుమతి నంబరున్నాదా అని అడగాల. రంగు జెండాలు పాతి, సిమెంటు రాళ్ళు వేసినంత మాత్రాన లేఅవుట్ అయిపోదు. అనుమతి లేని ప్లాటుకి బ్యాంకు అప్పివ్వదు, రేపు ఇంటి ప్లానుకి పంచాయతీ ఒప్పుకోదు. ఊర్లో అయితే ఇంకో చిక్కు. తాతల ఇల్లు గ్రామకంఠంలో ఉంటాది. దానికి పట్టాదారు పుస్తకం ఉండదు. బ్యాంకు కాగితం అడుగుతాది. ఇలాంటి ఇళ్ళకి హక్కు కార్డులిచ్చేందుకే 2020లో కేంద్రం స్వామిత్వ పథకం మొదలెట్టినాది. మీ ఊర్లో ఆ సర్వే అయినాదా లేదా సచివాలయంలో కనుక్కోండి. కాగితం చేతికొస్తే ఊరి ఇంటికి కూడా విలువొస్తాది.

లెక్కలో తేలని సగం

ముందు చెప్పిన ఆ రెండో సగం ఇదే. నౌపడకి దగ్గర్లో మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. పోర్టు కోసం ఊళ్ళొదిలిన మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలకి నౌపడ దగ్గరే కాలనీ అన్నారు. పోర్టుకి రైలు లైను నౌపడ నుంచే వెయ్యాలని ప్లాను. అంటే పల్లెలో ఉండాలా టౌనుకెళ్ళాలా అని మనం తేల్చుకునేలోపు టౌనే మన దగ్గరికి వచ్చీసేలా ఉన్నాది. లారీలొస్తాయి, అద్దెలొస్తాయి, భూముల రేట్లు లేస్తాయి. ఉద్యోగాలు ఎవరికొస్తాయి, ఏ భూమి ఎంతకి పోతాది అనే మాటలు ఊర్లోనే జరుగుతాయి.

ఆ మాటల్లో ఎవరుంటారు? గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్ళందరూ. ఓటు ఎక్కడుండాలో 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్తాది. ఎక్కడ మామూలుగా నివాసముంటావో అక్కడే. ఊర్లో ఇల్లుంటే చాలదు. కొన్నాళ్ళు పనికి బయటికెళ్ళినంత మాత్రాన ఊరి నివాసమూ పోదు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చేవాడి ఓటు గురించి ఎవరూ వేలెత్తి చూపలేరు. కాపురం మార్చి, ఓటు కూడా మార్చుకున్నోడు గ్రామసభలో లేచి అడగలేడు.

2013 భూసేకరణ చట్టంలో ప్రాథమిక ప్రకటన వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల గడువున్నాది. ఆ ప్రకటన పంచాయతీ ఆఫీసు గోడ మీద కూడా అంటిస్తారు. రోజూ ఆ గోడ ముందు నుంచి బండి మీద వెళ్ళేవాడు చూస్తాడు. సంక్రాంతికొచ్చేవాడు చూసేసరికి గడువు అయిపోతాది. ఇదే సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి థర్మల్ ప్లాంటు మీద గొడవ 2011 ఫిబ్రవరి 28న కాల్పుల దాకా వెళ్ళినాది, మనుషులు చచ్చిపోనారు. తంపర మీద చేపలు పట్టుకుని, పశువులు మేపుకుని బతికినవాళ్ళు అక్కడే ఉన్నారు కాబట్టే ఆ భూమి గురించి మాట్లాడేవాళ్ళున్నారు. ఎవరూ లేని ఊరి గురించి అడిగేవాడుండడు.

అలగని అందరూ ఊర్లోనే ఉండిపోండని చెప్పడం లేదు. తేలినీలాపురం చెట్ల మీద గూళ్ళు పెట్టుకునే పెలికాన్లు మేత కోసం రోజూ తంపరకెళ్తాయి, సాయంత్రానికి గూటికొస్తాయి. మేత దగ్గర్లో దొరికినన్నాళ్ళూ ఆ చెట్లనొదలవు. మనం కూడా అంతే చెయ్యొచ్చు. పని గంట లోపు దూరంలో ఉండి, సాయంత్రం బండి నమ్మకంగా ఉంటే ఊర్లో ఉండండి. రెండు గంటలైతే గది తీసుకుని వారం వారం రండి. ఇంకా దూరమైతే ఇంటి లైను మీదున్న ఊరు చూసుకోండి. ఏది చేసినా ఓటూ, కాగితాలూ ఎక్కడున్నాయో తెలుసుకుని ఉండండి.

తేల్చుకోలేకపోతే ఒక పని చెయ్యండి. గదికి అడ్వాన్స్ కట్టే ముందు ఒక్క నెల ఊరి నుంచి తిరగండి. ఇంట్లోంచి బయటికెళ్ళిన టైము, తిరిగి గుమ్మంలోకొచ్చిన టైము, ఆ రోజు దారి ఖర్చు ఫోనులో రాసుకోండి. నెలాఖరికి ఆ భాగహారం వెయ్యండి. అప్పుడు "ఊర్లో ఏటున్నాదిరా" అన్న నేస్తానికి చెప్పడానికి మీ దగ్గర ఒక అంకె ఉంటాది.